ఎంజైమ్ వేస్తున్నారు సరే, డీసీపీ తగ్గించారా?

మా దిక్కు ఏ లేయర్ (గుడ్ల కోళ్ల) ఫారానికి పోయినా దాణా కలిపే షెడ్డులో ఓ మూల ఫైటేజ్ ప్యాకెట్ కనిపిస్తుంది, గింజల్లోని భాస్వరాన్ని కోడికి అందేలా విడదీసే ఎంజైమ్ అది. దాని పక్కనే డీసీపీ బస్తాలు, అంటే భాస్వరం కోసం దాణాలో కలిపే డైకాల్షియం ఫాస్ఫేట్. ఫార్ములా కాగితం తీయమని చూస్తే డీసీపీ మాత్రం పాత లెక్కలోనే ఉంటుంది, టన్నుకు 12 కిలోలో 13 కిలోలో. అంటే భాస్వరానికి రెండుసార్లు డబ్బు కడుతున్నాం. ఒకసారి ఎంజైమ్ కంపెనీకి, ఇంకోసారి డీసీపీ వ్యాపారికి. "ఎందుకన్నా తగ్గించలే?" అంటే "ఏమో తమ్మి, గుడ్డు పెంకు పల్చనైతదేమోనని భయం" అంటారు. ఆ భయం గురించే ఈ పోస్టు. ఎంజైమ్ మంచిదా కాదా అనే చర్చ ఎప్పుడో అయిపోయింది, దాని లెక్క ఫార్ములాలో ఎక్కించడం దగ్గరే మన వాళ్లు ఆగిపోయారు.

ముందు అసలు సంగతి. మక్కలు, సోయా చెక్క, తవుడు, పల్లి చెక్క, ఏ గింజ దినుసు తీసుకున్నా అందులో ఉన్న భాస్వరంలో సుమారు మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలో ఉంటుంది. ఫైటేట్ అంటే మధ్యలో ఇనోసిటాల్ అనే చిన్న అణువు, దాని చుట్టూ ఆరు ఫాస్ఫేట్‌లు. బాలానగర్ సీతాఫలం తిన్నవాళ్లకు తెలుసు, గింజకు గుజ్జు ఎట్లా పట్టుకుని ఉంటుందో, ఇనోసిటాల్‌కు ఫాస్ఫేట్‌లు అట్లా పట్టుకుని ఉంటాయి. కోడి ఆ గింజను గుజ్జుతో సహా మింగి అట్లాగే కింద వదిలేస్తుంది, ఎందుకంటే గుజ్జును ఊడదీసే ఫైటేజ్ దాని కడుపులో దాదాపు లేనట్టే. పైగా ఈ ఫైటేట్ ఊరికే ఉండదు, క్యాల్షియం, జింక్, ఇనుము, కొంత ప్రోటీన్‌ను కూడా పట్టుకుని తనతో పాటు రెట్టలోకి తీసుకుపోతుంది. కాబట్టి దాణాలో భాస్వరం ఉన్నా లేనట్టే లెక్క వేసి, బయటి నుంచి డీసీపీ కలపడం మొదలైంది. డీసీపీలో భాస్వరం 18 శాతం, అది కోడికి నేరుగా అందుతుంది.

డీసీపీ రాతి ఫాస్ఫేట్ నుంచి వస్తుంది. మన దేశం ఆ రాయికి ఎక్కువగా దిగుమతుల మీదే ఆధారపడింది కాబట్టి బయట ధర కదిలినప్పుడల్లా ఇక్కడ బస్తా ధర కూడా కదులుతుంది. ఇంకో మాట, ఆ రాయిలో సహజంగానే ఫ్లోరిన్ ఉంటుంది, దాన్ని తీసేసిన తర్వాతే దాణాకు పనికొస్తుంది. సరిగ్గా తీయని చవక సరుకు కూడా మార్కెట్లో తిరుగుతుంటుంది. ఫ్లోరైడ్ అంటే ఏమిటో నల్గొండ జిల్లా వాళ్లకు వేరేవాళ్లు చెప్పక్కర్లేదు. బోరు నీళ్లలో ఉన్నది చాలదన్నట్టు దాణాలో కూడా పోసుకోవడం ఎందుకు? డీసీపీ ఎంత తక్కువ పడితే ఆ ముప్పు కూడా అంత తగ్గుతుంది.

ఫైటేజ్ మొదట అమ్మకానికి వచ్చింది 1991లో, నెదర్లాండ్స్‌లో. అక్కడ పుట్టడానికి కారణం దాణా ఖర్చు మాత్రమే కాదు, పశువుల పెంట. చిన్న దేశం, లెక్కకు మించి పందులు, కోళ్లు, వాటి పెంటలోని భాస్వరం నేలలోకి, కాలువల్లోకి చేరి నీళ్లన్నీ పాచి పడుతుంటే ప్రభుత్వం రైతుల మీద కట్టడి పెట్టింది. అట్లా వచ్చిన అవసరం అది. మన దగ్గర సీన్ వేరు, కోళ్ల పెంట కోసం బత్తాయి తోటల వాళ్లు ముందే అడ్వాన్స్ ఇచ్చి లారీ మాట్లాడుకుంటారు. "మీ ఎంజైమ్ వల్ల మా ఎరువులో బలం తగ్గుతదా?" అని ఓ తోట రైతు నన్ను నిలదీశాడు. నిజమే, భాస్వరం కొంత తగ్గుతుంది, కానీ నత్రజని, సేంద్రియ పదార్థం అట్లాగే ఉంటాయి కదా అని చెప్పి పంపాను. ఆయన పూర్తిగా నమ్మినట్టు అనిపించలేదు, ఆ లారీకి మాత్రం రేటు తగ్గించి అడిగాడు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఫైటేజ్ బలాన్ని ఎఫ్‌టీయూ అనే యూనిట్లలో కొలుస్తారు. మార్కెట్లో ఎక్కువగా దొరికేది గ్రాముకు 5,000 యూనిట్ల సరుకు. టన్ను దాణాకు 100 గ్రాములు వేస్తే కిలో దాణాకు 500 యూనిట్లు పడతాయి, మామూలుగా చెప్పే డోసు ఇదే, లేయర్లకు 300 కూడా చాలునని చెప్పేవాళ్లున్నారు. ఈ డోసుకు కోడికి అదనంగా అందే భాస్వరం 0.10 నుంచి 0.15 శాతం అని కంపెనీల మ్యాట్రిక్స్ కాగితాల్లో, అంటే ఎంజైమ్ వల్ల ఏది ఎంత అందుతుందో చెప్పే పట్టికల్లో, ఉంటుంది. నేను జాగ్రత్త మనిషిని, 0.10 మాత్రమే వేసుకుంటాను. అంటే టన్నుకు కిలో భాస్వరం. 18 శాతం డీసీపీ లెక్కన అయిదున్నర కిలోలు. పది వేల లేయర్లున్న ఫారం అనుకోండి, కోడికి రోజుకు 110 గ్రాముల చొప్పున రోజుకు 1.1 టన్నులు, నెలకు 33 టన్నులు. నెలకు 180 కిలోల పైన డీసీపీ మిగులుతుంది. కిలో 50 రూపాయలు అనుకున్నా 9,000 రూపాయలు. దానికి ఎదురుగా ఫైటేజ్ 3.3 కిలోలు, దాని రేటు మీ డీలర్ బిల్లు చూసి మీరే వేసుకోండి. డీసీపీ తగ్గించని వాడికి ఈ లెక్కలో మిగిలేది ఆ 3.3 కిలోల బిల్లే.

డీసీపీ తీసేస్తే దాంతో పాటు క్యాల్షియం కూడా పోతుంది కదా అని అడిగేవాళ్లు కరెక్టుగానే అడుగుతున్నారు. డీసీపీలో అది 23 శాతం దాకా ఉంటుంది, అయిదున్నర కిలోలు తీస్తే కిలోంబావు క్యాల్షియం పోయినట్టు. ఫైటేట్ విడిపోయినప్పుడు దాని చేతిలోని క్యాల్షియం కూడా కొంత బయటపడుతుంది, కాబట్టి నష్టం అంత ఉండదు. అయినా లేయర్ల విషయంలో నాకు అనుమానం పెట్టుకోవడం ఇష్టం లేదు, టన్నుకు మూడు కిలోల గ్రిట్ (సున్నపురాయి పలుకు) అదనంగా వేస్తాను. గ్రిట్ ఎంత చవకో మీకు తెలుసు, సిమెంటు ఫ్యాక్టరీలన్నీ మన చుట్టే ఉన్నాయంటే సున్నపురాయికి కొదవ లేకనే కదా.

పెంకు పల్చబడుతుందనే భయం గురించి ఒక మాట. ఒక గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాములకు పైగా క్యాల్షియం ఉంటుంది, భాస్వరం నామమాత్రం. నిజానికి దాణాలో భాస్వరం అవసరానికి మించితే పెంకు నాణ్యత తగ్గుతుంది, రక్తంలో భాస్వరం పెరిగితే ఎముకల నుంచి క్యాల్షియం తీసుకోవడం కోడికి కష్టమవుతుంది. పెంకు గట్టిపడని తోలు గుడ్లు వచ్చినప్పుడు మన వాళ్లు చేసే మొదటి పని ఇంకో రెండు కిలోల డీసీపీ పెంచడం, అది సరిగ్గా ఉల్టా పని. అట్లాగని మరీ తగ్గిస్తే కేజ్‌లో కోళ్లు కాళ్లు చాపి కూలబడతాయి, అదీ చూశాం. మధ్యలో దారి ఉంది, ఆ దారి బస్తాల లెక్కలో కాకుండా అందే భాస్వరం శాతంలో చూసుకోవాలి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం సున్నపురాయి పొడి. ఫైటేజ్ పని చేసేది పేగుల్లో కాదు, అంతకు ముందే, మేత నిలిచే గొంతు సంచిలో, ఆ తర్వాత ఆమ్లం ఊరే పొట్టలో, కందనకాయలో. అక్కడ పులుపు ఉండాలి. మీరు సున్నపురాయిని మెత్తటి పొడిగా వేశారనుకోండి, అది గబుక్కున కరిగి ఆ పులుపును చంపేస్తుంది, పైగా కరిగిన క్యాల్షియం ఫైటేట్‌ను పట్టుకుని గడ్డ కట్టిస్తుంది, అప్పుడు ఎంజైమ్ దాని దగ్గరికి చేరలేదు. అదే రాయి రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల పలుకుగా ఉంటే కందనకాయలో నిలిచి మెల్లగా కరుగుతుంది. పెంకు తయారయ్యేది ఎక్కువగా రాత్రి పూట, అప్పుడు తొట్లలో మేత ఉండదు, ఆ పలుకు రాయే కోడికి తెల్లవార్లూ క్యాల్షియం అందిస్తుంది. అంటే పలుకు గ్రిట్ వల్ల ఫైటేజ్‌కూ లాభమే, పెంకుకూ లాభమే. కనీసం సగం, వీలైతే మూడింట రెండు వంతులు పలుకు వేయండి. చేతిలోకి తీసుకుని వేళ్ల మధ్య నలిపితే ముఖానికి రాసుకునే పౌడర్‌లా జారిపోతే ఆ లారీని వెనక్కి పంపండి. మక్కలు కూడా అంతే, గ్రైండర్ జల్లెడ మార్చకుండా పిండి పిండి చేస్తున్నారు. కాస్త రవ్వగా ఉంటే కందనకాయ పని చేస్తుంది, మేత అక్కడ ఎక్కువసేపు ఆగుతుంది, ఎంజైమ్‌కు టైమ్ దొరుకుతుంది.

ఇక రెండో రకం ఎంజైమ్‌లు, గింజల్లోని పీచును ముక్కలు చేసేవి, జైలనేజ్, బీటా గ్లూకనేజ్, మాననేజ్ వగైరా. అన్నీ కలిపి ఒకే ప్యాకెట్‌లో అమ్ముతారు, ప్యాకెట్ మీద పొడుగు లిస్టు. ఓ సేల్స్ కుర్రాడు వచ్చి "అన్నా, ఇందులో పది రకాల ఎంజైమ్‌లున్నయి, టన్నుకు అర కిలో వేస్తే చాలు, వంద కిలో క్యాలరీలు మిగులుతయి" అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. దేని మీద మిగులుతాయి తమ్మీ అని అడిగితే సమాధానం లేదు. అసలు ప్రశ్న అదే. జైలనేజ్ పేరు తెచ్చుకున్నది గోధుమ దాణా తినే దేశాల్లో, గ్లూకనేజ్ బార్లీ మీద, 1980లలో ఫిన్లాండ్ లాంటి చోట్ల. ఆ గింజల్లోని పిండి కాని చక్కెరలు నీళ్లలో కరిగి పేగుల్లో జిగురులా తయారవుతాయి, మేత ముందుకు కదలదు, రెట్ట జిగటగా పడుతుంది, కోళ్ల కింద పరిచిన ఊక తడుస్తుంది. ఎంజైమ్ ఆ గొలుసులను ముక్కలు చేస్తే జిగురు పోతుంది, తేడా కంటికే కనిపిస్తుంది. మన మక్కలు, సోయా దాణాలో ఆ జిగురే పెద్దగా ఉండదు. లాభం లేదని కాదు, ఉంటుంది, కానీ ఆ కుర్రాడు చెప్పినంత ఉండదు. గోధుమ చవకగా దొరికి దాణాలో పెట్టినప్పుడు జైలనేజ్ వేయండి, అప్పుడు ప్రతి పైసా తిరిగొస్తుంది. గోరుచిక్కుడు జాతి గింజ నుంచి వచ్చే గ్వార్ చెక్క వాడితే మాననేజ్ తప్పనిసరి, లేకపోతే రెట్ట బంకలాగా అంటుకుంటుంది.

మరి మన తవుడు సంగతి? మిర్యాలగూడ మిల్లుల పుణ్యమా అని ఈ ప్రాంతంలో తవుడుకు, నూనె తీసిన తవుడుకు, నూకలకు లోటు లేదు. తవుడులో భాస్వరం మక్కల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ, అందులో ఎక్కువ భాగం ఫైటేటే. కాబట్టి తవుడు పెంచిన కొద్దీ ఫైటేజ్‌కు పని దొరుకుతుంది, అక్కడ నిశ్చింతగా లెక్క వేసుకోవచ్చు. జైలనేజ్ మాత్రం అంత సులువు కాదు, తవుడులోని పీచు చిక్కటి అల్లిక, నీళ్లలో కరగదు, గోధుమ మీద చేసినంత పని తవుడు మీద చేయదు. తవుడు పదిహేను శాతం పెట్టి, జైలనేజ్ ఉంది కదా అని మక్కలతో సమానమైన ఎనర్జీ లెక్క రాసుకున్న ఫార్ములాలు చూశాను. గుడ్డు బరువు తగ్గిందంటే ఆశ్చర్యమేముంది.

తవుడు గురించి ఎంజైమ్‌లు అమ్మేవాళ్లు చెప్పని ఇంకో కథ ఉంది. దానిలో దాని సొంత ఎంజైమ్ ఒకటి ఉంటుంది, లైపేజ్. బియ్యం పాలిష్ పట్టి తవుడు విడిపోయిన గంటల నుంచే అది నూనెను కొరకడం మొదలుపెడుతుంది. పచ్చి బియ్యం తవుడు బస్తా విప్పి వాసన చూడండి, తాజాదైతే తియ్యటి వాసన, రోజులు గడిస్తే ముక్కుకు సబ్బు వాసన, ఆ తర్వాత చేదు ముక్కు వాసన. ఉప్పుడు బియ్యం తవుడు ఇంకొంచెం ఎక్కువ రోజులు నిలుస్తుంది, ఉడికించినప్పుడే ఆ లైపేజ్ చచ్చిపోతుంది కాబట్టి, నూనె కూడా దాంట్లో కొంచెం ఎక్కువే. అందుకే నేను మిల్లుకు ఫోన్ చేసినప్పుడు రేటు కంటే ముందు అడిగేది పచ్చిదా ఉప్పుడుదా, ఎప్పుడు ఆడింది అనే. డబ్బు పెట్టి కొన్న ఎంజైమ్ పని చేస్తుందో లేదో తర్వాత సంగతి, ఉచితంగా వచ్చిన ఎంజైమ్ మాత్రం మనకు ఎదురే పని చేస్తుంది.

ప్రోటీన్‌ను విడగొట్టే ఎంజైమ్ ప్రోటియేజ్ గురించి క్లుప్తంగా. 2021లో సోయా చెక్క ధర ఆకాశానికి పోయి, చివరికి కేంద్రం 12 లక్షల టన్నుల జీఎం సోయా చెక్క దిగుమతికి అనుమతి ఇచ్చిన రోజులు గుర్తున్నాయి కదా, అప్పటి నుంచి మన దగ్గర ప్రోటియేజ్‌కు గిరాకీ పెరిగింది. మంచి సోయా చెక్కలో ప్రోటీన్ ఎట్లాగూ 85 శాతం పైనే అరుగుతుంది, ప్రోటియేజ్ చేసేది మిగతా కొంచెంలో కొంచెం. వేడి చాలక సగం ఉడికిన సోయా వచ్చినప్పుడు కాస్త సాయం చేస్తుంది. ఇప్పుడు ఇథనాల్ ఫ్యాక్టరీల నుంచి వచ్చే బియ్యం డీడీజీఎస్ (ఇథనాల్ తీశాక మిగిలే ఎండు పిప్పి) చవక అని అందరూ ఎగబడుతున్నారు, దాని కాగితం మీద ప్రోటీన్ శాతం చూస్తే సోయాకు తమ్ముడిలా కనిపిస్తుంది. కానీ ప్రోటీన్‌లో ముఖ్యమైన భాగం లైసిన్ (ఒక అమైనో ఆమ్లం) సోయాలో ఉన్నంత అందులో ఉండదు, ఉన్నది కూడా ఆరబెట్టేటప్పుడు మాడి కొంత పనికిరాకుండా పోతుంది. ప్రోటియేజ్ ఉన్నదాన్ని విడగొడుతుంది గానీ లేని లైసిన్‌ను పుట్టించదు, అది సింథటిక్ లైసిన్‌తోనే పూడ్చుకోవాలి. ఇంకో ప్రమాదం, గింజలోని పిండి అంతా ఇథనాల్‌కు పోయాక మిగిలిన దాంట్లో అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) ఉంటే సుమారు మూడు రెట్లు చిక్కబడుతుంది. ఫైటేజ్, జైలనేజ్ దాన్ని ముట్టుకోవు. బాదేపల్లి మార్కెట్లో వానలో తడిసిన మక్కలు చవకగా కొని, ఎంజైమ్ వేస్తున్నాం కదా అని ధైర్యం చెప్పుకోవడం వట్టి మాట.

కలపడం దగ్గర కూడా చాలా నష్టం జరుగుతుంది. టన్నుకు 100 గ్రాములంటే గుప్పెడంత పొడి, దాన్ని నేరుగా మిక్సర్‌లో చల్లితే ఒక కేజ్ వరుసకు రెండింతలు, పక్క వరుసకు సున్నా. ముందు ఆ 100 గ్రాములను కిలో మక్కల పిండిలో చేత్తో బాగా కలపండి, దాన్ని పది కిలోల తవుడులో కలపండి, ఆ పది కిలోలను సగం మక్కలు పడ్డాక మిక్సర్‌లో వేయండి. నూనె పోయడానికి ముందే ఈ పని అయిపోవాలి, లేకపోతే ఉండలు కడుతుంది. దాణాలో వేసే కోలిన్ క్లోరైడ్‌తో కలిపి ఒకే డబ్బాలో పెట్టకండి, అది గాలిలోని తేమను లాగి ఎంజైమ్‌ను, విటమిన్‌లను రెండింటినీ పాడు చేస్తుంది. ఎండాకాలం మన దగ్గర బయటే 44 డిగ్రీలు దాటుతుంది, రేకుల షెడ్డులో సంగతి చెప్పక్కర్లేదు. ఎంజైమ్ అంటే ప్రోటీనే, వేడికి, తేమకు మెల్లగా చచ్చిపోతుంది. ఏడాదికి సరిపడా ఆఫర్‌లో కొని రేకుల కింద పెట్టేకంటే రెండు నెలలకు కొని ఇంట్లో చల్లటి గదిలో పెట్టుకోవడం మేలు. లేయర్ల వాళ్లం మ్యాష్ (పొడి దాణా) వేస్తాం కాబట్టి ఒక టెన్షన్ తక్కువ, బ్రాయిలర్ పెల్లెట్ (గుళికల దాణా) వాళ్లకు ఆవిరి వేడి 80 డిగ్రీలు దాటుతుంది, అక్కడ వేడిని తట్టుకునే కోటింగ్ ఉన్న సరుకు తప్ప మామూలుది మిల్లులోనే చచ్చి బయటికొస్తుంది.

రెండు మూడు ఎంజైమ్‌లు కలిపి వాడేవాళ్లు ఒక్కో కాగితం మీది ఎనర్జీ, ప్రోటీన్ లెక్కలన్నీ కూడి ఫార్ములాలో తగ్గించేస్తున్నారు. అట్లా కూడవు. ఫైటేజ్ విడిపించిన ప్రోటీన్‌నే ప్రోటియేజ్ కూడా తన ఖాతాలో చెప్పుకుంటుంది. నేనైతే ఫైటేజ్‌కు భాస్వరం, క్యాల్షియం లెక్క మాత్రమే ఇస్తాను, ఎనర్జీ క్రెడిట్ ఇవ్వను, గోధుమ ఉన్నప్పుడు జైలనేజ్‌కు ఇస్తాను. కంపెనీ వాళ్లకు నా పద్ధతి నచ్చదు.

ఇదంతా చదివి రేపే అయిదున్నర కిలోలు కోసేయకండి. మొదట రెండు కిలోలు తగ్గించండి, మూడు నాలుగు వారాలు ఆగండి, మళ్లీ రెండు తగ్గించండి. రెండు షెడ్లుంటే ఒకదాంట్లోనే చేయండి, ఒకే వయసు కోళ్లయితే ఇంకా మంచిది. ఫైటేజ్ పని కంటికి కనిపించదు, రెట్ట రంగు మారదు, గుడ్లు పెరగవు. అన్నీ ఎప్పటిలాగే ఉండి డీసీపీ బిల్లు తగ్గితే అది పని చేసినట్టు. చూడాల్సింది పగిలిన గుడ్లు, తోలు గుడ్లు, కాళ్లు పడిపోయిన కోళ్లు, ఈ మూడింటి లెక్క రోజూ షెడ్డు వారీగా నోట్‌బుక్‌లో ఉండాలి. మా దిక్కు మొత్తం గుడ్ల లెక్క అందరూ రాస్తారు, పగిలినవి మాత్రం పనివాళ్లు పక్కన ట్రేలో పెట్టి సాయంత్రం సగం రేటుకు అమ్మేస్తారు, రాతలోకి రావు. ముందు వాటిని రాయించడం మొదలుపెట్టండి, కనీసం నెల లెక్క చేతికొచ్చాకే డీసీపీ బస్తా జోలికి పోండి.